పంచె మీదికి తగిన తిత్తి

మా నాయన తెల్లపంచె కట్టుకోవడం మానేశాడని వదిన ఫోనులో చెప్పినప్పుడు, ఆయనకు ఒంట్లో బాగాలేదని విన్నప్పటి కంటే ఎక్కువ భయపడ్డాను. ఆయన పంచె సంగతి తెలియనివాళ్ళు మా వైపు తక్కువ. పుంగనూరు దగ్గర పల్లెలో చేను చేసుకునే మనిషి. టమోటాలు వేసుకొని మదనపల్లె మార్కెట్టుకు వచ్చినా సరే, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె మీద చుక్క పడనిచ్చేవాడు కాదు. అక్కడ కుళ్ళిన కాయలూ బురదా ఎలా ఉంటాయో చూసినవాళ్ళకే తెలుసు. "మీ నాయన మార్కెట్టుకొచ్చినాడా, పెండ్లికొచ్చినాడా?" అని మండీవాళ్ళు, మదనపల్లెలోనే కాపురముండే నన్ను ఆట పట్టించేవాళ్ళు. అలాంటి మనిషి మాసిన లుంగీ చుట్టుకొని, వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని వదిన చెప్పింది.

జరిగింది పెద్ద వింతేమీ కాదు. వయసు మళ్ళిన మగవాళ్ళకు వచ్చే గ్రంథి వాపే. ఉన్నట్టుండి మూత్రం బిగుసుకుపోతే మదనపల్లెలో ఆస్పత్రికి తీసుకొచ్చాం. గొట్టం వేసి, దాని చివర ఒక ప్లాస్టిక్ సంచి తగిలించారు. గుండె బలహీనంగా ఉంది కాబట్టి ఆపరేషను ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు ఇలాగే ఉండాలి అన్నాడు డాక్టరు. గొట్టం ఉన్నా నడవవచ్చు, ఊళ్ళు తిరగవచ్చు, అన్ని పనులూ చేసుకోవచ్చు అని కూడా అన్నాడు. ఆ రెండో మాట మా నాయన చెవికెక్కలేదు. ఆయనకు అర్థమైంది ఒక్కటే. ఇక తన ఉచ్చ నలుగురికీ కనబడేలా తన పక్కనే వేలాడుతుంది.

నేను గదిలోకి పోతే దుప్పటి గుంజుకునేవాడు. "యాల వస్తావమ్మా ఊరికూరికే, నీ ఇంట్లో పని ల్యా?" అనేవాడు. సంచి ఖాళీ చేయడం, కడగడం మా అన్న పని. మా అన్న మంచివాడే గానీ ఆయన చేతిలో చెంబు కూడా సరిగ్గా నిలవదు. సగం నేల మీద పోసి, తర్వాత ఫినాయిల్ పోసి, ఇల్లంతా ఆస్పత్రి వాసన చేసేవాడు. నేను చేస్తానంటే నాయన ఒప్పుకునేవాడు కాదు. ఆడబిడ్డ చూడకూడదట. నాకు ఒళ్ళు మండేది. నా పిల్లలకు, మా అత్తకు, చివరికి మా పక్కింటి ముసలమ్మకు కూడా చేశాను, కన్నతండ్రికి చేయడానికి అడ్డమేమిటి? కానీ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం వాదిస్తాం.

అంతలో మా అన్న కొడుకుకు కుప్పంలో సంబంధం కుదిరింది. పిల్లవాడు మదనపల్లెలో టమోటా నారు పెంచే నర్సరీలో పని చేస్తాడు, వారమంతా మా ఇంట్లోనే ఉంటాడు. మేనల్లుడని చెప్పడం కాదు గానీ బంగారం లాంటి పిల్లవాడు. నిశ్చితార్థం పెట్టుకున్నారు. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికూతురి వాళ్ళింటికి పోయి, మగపిల్లవాడి వైపు ఇంటికి పెద్దయిన మనిషి తన చేత్తో వక్కాకు, అంటే తాంబూలం, ఇస్తేనే మాట ఖాయమైనట్టు. మా ఇంట్లో ఇచ్చిన ప్రతి వక్కాకూ మా నాయన చేతి మీదుగా పోయిందే.

"నేను రాను" అన్నాడు ఆయన. "మీ అన్న ఇస్తాడు. వాడికి మాత్రం వయసు కాలేదా?"

అన్న ఇస్తే శాస్త్రం ఏమీ అడ్డం రాదు. కానీ సొంత మనవడి వక్కాకుకు కూడా గడప దాటని మనిషి ఇంక దేనికి దాటుతాడు? ఈ ఒక్కసారి ఆగిపోతే ఆ గదిలోనే ఆగిపోతాడు. నాకు ఆ భయం రాత్రింబగళ్ళూ ఉండేది. పిల్లవాడు కూడా "తాత రాకుంటే నేను రాను, మీరే పోయి చేసుకోండి నిశ్చితార్థం" అని మొండికేశాడు. తాతకు తగ్గ మనవడు.

నేను ఇంట్లో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. కుట్టే మనిషికి ఏ కష్టమూ కుట్టుతో తీరదని అనిపించదు. సంచి కనబడకపోతే ఆయన వస్తాడు, అంతే కదా, దాన్ని దాచే దారి నేను చూస్తాను అనుకున్నాను.

మొదట తోచింది పచ్చ బెల్టు. మార్కెట్టులో వ్యాపారులు పంచె మీద బిగించుకుంటారే, అరచేయి వెడల్పున, జేబులున్నది, అదే. ఒకటి కొని జేబు పెద్దది చేసి పంపాను. నాయన ఇష్టం లేకుండానే కట్టుకొని ఇంటి ముందు దాకా నడిచాడట. నేను గెలిచాననుకున్నాను. గొట్టం మార్చడానికి ఆస్పత్రికి తెచ్చిన రోజు నర్సమ్మ అది చూసి అందరి ముందరా నన్ను కడిగేసింది.

"సంచి నడుముకు కట్టినారా? అది ఎప్పుడూ పొత్తికడుపు కంటే కింద ఉండాలమ్మా. పైన ఉంటే ఉచ్చ వెనక్కి పోతాది, జ్వరమొస్తాది. ఎవరు సెప్పినారు ఇట్ల కట్టమని?"

నేనే అని చెప్పలేక బెల్టు వైపు కొత్తగా చూస్తున్నట్టు చూశాను.

మందుల షాపులో తొడకు పట్టీలతో కట్టుకునే చిన్న సంచి అమ్ముతారు. అది తెచ్చాం. ప్యాంటు వేసుకునే వాళ్ళకు అది బాగానే ఉంటుంది. మా నాయన కింద కూర్చుని లేచే మనిషి. కూర్చున్న ప్రతిసారీ పట్టీ జారి మోకాలి దగ్గర వేలాడేది. జారకుండా బిగిస్తే కాలు తిమ్మిరెక్కేది. పైగా తెల్లపంచె కట్టి ఎండలో నిలబెడితే లోపలి సంచి, దాంట్లో ఉన్నదీ, రంగుతో సహా కనబడింది. నాయన ఒకసారి కిందికి చూసుకొని లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత భుజానికి తగిలించుకునే గుడ్డ సంచి కుట్టాను. వంగినప్పుడల్లా అది ముందుకు ఊగి గొట్టాన్ని లాగేది. "దీంతో సంపేటట్టు ఉండావే" అన్నాడు. ఆ సంచి ఇప్పటికీ మా ఇంట్లో కరివేపాకు తేవడానికి పనికొస్తోంది.

ఒక ఆదివారం మా మేనల్లుడూ నేనూ పుంగనూరు దాటి ఊరికి పోయాం. ఏం చేయాలో ఎవరికీ తోచడం లేదు. పిల్లవాడు తాత మంచం మీద కూర్చొని ఫోనులో ఏదో చూస్తున్నాడు. పెళ్ళికి ఏ బ్యాండు పెట్టుకోవాలా అని వెతుకుతుంటే ఏదో దేశం బ్యాండు వచ్చిందట. మగవాళ్ళు వరుసగా నడుస్తూ, చంకలో తిత్తి ఇరికించుకొని ఊదుతున్నారు. అందరూ మోకాళ్ళ దాకా గళ్ళ గుడ్డ చుట్టుకొని ఉన్నారు.

నాయన మెల్లగా ఇటు తిరిగాడు. "ఏందిరా అది, లుంగీలు కట్టుకోని బ్యాండు వాయిస్తాండారు?"

"లుంగీ కాదు తాతా, కిల్టు అంటారు. స్కాట్లాండులో మగవాళ్ళు పండగలకీ పెండ్లిళ్ళకీ కట్టుకుంటారు."

"మన గళ్ళ లుంగీనే గదరా. పైకెత్తి కట్టినారు, అంతే." అలా అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ముందర ఏలాడతాండేది ఏంది?"

"దాన్ని స్పోరన్ అంటారు. కిల్టుకు జేబుండదు గదా, దుడ్లూ తాళంచెవులూ దాంట్లో పెట్టుకుంటారు."

"అది తిత్తిరా!" అన్నాడు నాయన. అన్నాళ్ళ తర్వాత ఆయన గొంతు పెద్దది కావడం అప్పుడే విన్నాను. "మా నాయన వక్కాకు తిత్తి అచ్చం ఇట్లే ఉండేది. వాళ్ళకూ జేబు ల్యా, మనకూ జేబు ల్యా. మడిసన్నాక ఆకూ వక్కా యాడ పెట్టుకుంటాడు?"

పిల్లవాడికి ఉత్సాహం వచ్చింది. ఇంకా వెతికి ఇంకా చూపించాడు. దేనికి ఏ తిత్తి వేసుకోవాలో వాళ్ళకు పెద్ద లెక్కే ఉందట. రోజూ వేసుకునేది మామూలు తోలుది, మెరుపులేమీ ఉండవు. పెళ్ళిళ్ళకు, విందులకు వేసుకునేది వేరు, వెండి అంచు, కుచ్చులు, కొన్నిటికి జంతువు వెంట్రుకలు కూడా. పగటి దానిని రాత్రి విందుకు వేసుకొస్తే నవ్వుతారట. మా నాయన ఒక్కొక్కటీ ఆపి ఆపి చూశాడు. "ఎంటికలది బాగుండాది గానీ మనకు ఉడుకు" అన్నాడు.

వదిన వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన నవ్వు విని వచ్చిందని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది.

అప్పుడు నాయన ఫోను నా వైపు తిప్పాడు. "అమ్మా, ఇట్ల సూడు. వీళ్ళు నడుముకు బిగించలేదు. గొలుసేసి కిందికి దించినారు. తొడల మీదుండాది."

నర్సమ్మ మాట ఒక్కసారిగా నా తలలో వెలిగింది. పొత్తికడుపు కంటే కింద. అడ్డపంచె ముందర మడత ఎలాగూ ఉంటుంది, గొట్టం దాంట్లోంచి నేరుగా తిత్తిలోకి వస్తుంది. పక్కకు ఊగదు, కాలికి బిగించే పని లేదు. చూసేవాళ్ళకు అది ఉత్త వక్కాకు తిత్తి. నేను అక్కడే, చేటలో ఉన్న కందిపప్పు పక్కకు జరిపి, పాత పేపరు మీద కత్తిరింపు గీసేశాను.

మొదటిది ఖాకీ గుడ్డతో కుట్టాను. లోపల రబ్బరు గుడ్డ, అడుగున తెరిచేందుకు గుండీలు, అక్కడి నుంచే సంచి కుళాయి తిప్పుకోవచ్చు. నర్సమ్మకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, గొట్టం మెలిక పడకుండా పట్టుకొని, "ఇది బాగుండాది" అంది. బిరుదు ఇచ్చినంత సంతోషపడ్డాను.

ఇక మొదలైంది మా నాయన పెత్తనం. తిత్తి బయట ఇంకో అర కావాలి, దాంట్లో ఆకులకు ఒకటి, వక్కలకు ఒకటి, సున్నపు డబ్బీకి ఒకటి. నాడా నల్లది వద్దు. ఖాకీది గళ్ళ లుంగీకి సరే, తెల్లపంచెకు అతుకు వేసినట్టు ఉంటుంది, పనికిరాదు. "పోలీసోళ్ళ గుడ్డ ఏసుకోని సమ్మందానికి పోతారా ఎవరైనా?" అని నన్నే తప్పు పట్టాడు. మొన్నమొన్నటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న మనిషేనా అని నేనూ వదినా మొహమొహాలు చూసుకున్నాం. ఆయన సతాయిస్తుంటే కోపం రావాల్సింది పోయి నాకు పండగలా అనిపించింది.

తెల్లపంచెకు ఏది తగుతుంది? పట్టు గుడ్డ చూపిస్తే ఆడవాళ్ళ సంచిలా ఉందన్నాడు. జనపనార చూపిస్తే ఎరువుల గోతం అన్నాడు. ఆఖరికి మదనపల్లెలో బ్యాగులు రిపేరు చేసే అంగడిలో బెల్లం రంగు మెత్తటి తోలు ముక్క దొరికింది. అక్కడే వాళ్ళ మిషను మీద కుట్టించాను, అంచుకు ఇత్తడి పువ్వులు వేయించాను. నిజం చెబుతున్నాను, అంత అందమైన వస్తువు నా చేతి మీదుగా అంతకు ముందు రాలేదు. నాయన గంజిపంచె కట్టి, దాన్ని ముందర వేలాడేసుకొని, వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. అద్దంలో చూసుకున్నాడు. మీసం సర్దుకున్నాడు.

"పోదాం పా కుప్పానికి" అన్నాడు.

పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా పోయాం. దారిలో ఎవరి చేనులో ఏం వేశారో చెబుతూనే ఉన్నాడు. కుప్పంలో పెళ్ళికూతురి వాళ్ళు షామియానా వేసి, కుర్చీలు వేసి, మర్యాదలు చేశారు. వాళ్ళ చుట్టాలు రామకుప్పం వైపు వాళ్ళు. ఏనుగులు వచ్చి రాగి చేను తొక్కిన కథ ఒకాయన మొదలుపెట్టాడు. నాయన కుర్చీ దగ్గరికి జరుపుకొని, "తరమల్యా? టపాకాయలు ఏసినా పోలేదా?" అని పిల్లవాడిలా అడిగాడు. ఒకరిద్దరు తిత్తి వంక చూసి "పాతకాలం మడిసి" అని మెచ్చుకున్నారు. ఆయన ఆకు తీసి వాళ్ళకు ఇచ్చాడు. ఇంతకంటే నాకేం కావాలి అనుకున్నాను.

వక్కాకు వేళయింది. చాపల మీద రెండు వైపులా కూర్చున్నారు. పళ్ళేలలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, పూలు, చీర, టవలు, ఆకులు, వక్కలు. నాయన మా వైపు ముందర కూర్చున్నాడు. తిత్తి ఆయన ముందు చాప మీద పొందికగా ఒదిగింది. అయ్యవారు మంత్రం మొదలుపెట్టబోయి ఆగాడు.

"పెద్దాయనా, ఆ తిత్తి తోలుది కదా. పసుపు కుంకాల ముందర తోలు ఉండకూడదు. తీసి పక్కన పెట్టండి."

గుడికి పోతే బెల్టు తీయించే దాన్ని నేనే. పూజగదిలోకి తోలు పర్సు తెచ్చాడని మా ఆయన్ను నూరుసార్లు తిట్టిన దాన్ని నేనే. ఆ రంగు చూసి, ఇత్తడి పువ్వులు చూసి మురిసిపోయి, ఇది వక్కాకు పళ్ళెం ముందర కూర్చోవాల్సిన తిత్తి అన్న సంగతే మరిచిపోయాను. ఖాకీది ఇంట్లో కొయ్యకు వేలాడుతోంది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

మా అన్న గబగబా అందుకున్నాడు. "అది... నాయనకు నడుము నొప్పండీ, దానికి డాక్టరు..."

"ఉండరా" అన్నాడు నాయన చేయి ఎత్తి. "అబద్ధం సెప్పి ఇచ్చే వక్కాకు నిలబడదు."

ఆయన అయ్యవారి వైపు తిరిగాడు. "అయ్యవారా, ఇది తీసేదానికి కాదు. నాకు ఉచ్చ బిగిస్తే గొట్టమేసినారు. దాని సంచి దీంట్లో ఉండాది. తోలు ఏసుకొచ్చింది తప్పే, తెలీక జరిగింది. ఇది ఈడ ఉండకూడదంటే నేను లేసి పోవాల్సిందే. పోతాను, నాకేం కోపం ల్యా. నా కొడుకు ఇస్తాడు వక్కాకు."

నేను తలెత్తలేకపోయాను. పెళ్ళికొడుకైన మా పిల్లవాడు తాత పక్కకు వచ్చి కూర్చున్నాడు. తాత లేస్తే తనూ లేచేటట్టు కూర్చున్నాడు.

అప్పుడు పెళ్ళికూతురి అవ్వ అవతలి వైపు నుంచి మెల్లగా లేచింది. నడుం వంగిన మనిషి. పళ్ళెంలో పెట్టిన కొత్త టవలు తీసి విదిలించి, మా నాయన ఒడిలో తిత్తి మీద కప్పింది.

"సెప్పులైతే ఇప్పమంటాము గానీ, ఒంట్లో ఒక భాగాన్ని ఇప్పమంటామాప్పా ఎవరినైనా?" అంది. "నువ్వు కూసో. నువ్వు ఇస్తేనే మా బిడ్డను ఇస్తాము."

అయ్యవారు నవ్వి, "కప్పినారు గదా, చాలు" అని మంత్రం ఎత్తుకున్నాడు. నాయన రెండు చేతులతో పళ్ళెం ఎత్తి ఇచ్చాడు. ఒక్క ఆకూ కింద పడలేదు. నేను కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే వదిన మోచేత్తో పొడిచింది. ఆమె కళ్ళూ అలాగే ఉన్నాయి.

భోజనాలయ్యాయి. రాగిసంగటి, కోడికూర, పాయసం. నాయన రెండోసారి వడ్డించుకున్నాడు. చేతులు కడుక్కొని వచ్చి అన్న కోసం అటూ ఇటూ చూస్తున్నాడని గమనించాను. సంచి నిండి ఉంటుంది. అన్న ఎక్కడో వియ్యంకుడితో మాటల్లో పడ్డాడు.

"పిలుస్తానుండు నాయనా" అన్నాను.

"వాడెందుకు?" అన్నాడు. "వాడు ఈళ్ళ ఇల్లంతా పోస్తాడు. కుట్టింది నువ్వు, ఆ గుండీలు నీకే తెలుస్తాయి. రా."

ఇంటి వెనక స్నానాల గదిలో ఆయన గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. నేను కింద కూర్చొని, గుండీలు విప్పి, కుళాయి తిప్పి, బకెట్టులోకి వంచాను. ఇన్ని నెలల్లో నేను ఆ సంచిని ఖాళీ చేయడం అదే మొదలు. నాకు అసహ్యమూ వేయలేదు, ఏడుపూ రాలేదు. పట్టలేనంత సంతోషం వేసింది. ఆయన మొహం అటు తిప్పుకుంటాడేమో అనుకున్నాను. తిప్పుకోలేదు. నా తల మీద నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు.

"పెండ్లికి నేను పట్టుపంచె కడతా. దానికి వేరే తిత్తి కావాల. తోలు వద్దు ఈసారి."

"ఏ రంగు గుడ్డ తెచ్చేది?" అన్నాను గుండీలు పెడుతూ.

"నువ్వు తెస్తే నాకు నచ్చదు. మదనపల్లెకు నేనే వస్తా. అంగట్లో కూసోని నేనే సూసి ఎత్తుకుంటా."